పురుగుకు పేరుంది, రెక్కలొచ్చాక లేదు

నందివర్ధనం చెట్టు కింద గచ్చు మీద మిరియపు గింజలంత నల్లటి లద్దెలు రాలి ఉంటే, పైన కొమ్మల్లో ఒక పురుగు ఉన్నట్టే. తల పైకెత్తి వెతికినా అది తొందరగా దొరకదు. ఆకు రంగులో ఉంటుంది, ఆకు ఈనెకు అంటుకుని ఉంటుంది. తీరా కనిపించాక మాత్రం ఒక్క అడుగు వెనక్కి వేయిస్తుంది. వేలెడు పొడవు, లేత ఆకుపచ్చ ఒళ్లు, పక్కల వెంట తెల్ల చుక్కలు, తల దగ్గర నీలం తెలుపు కలిసిన రెండు పెద్ద కళ్లు, తోక మీద చిన్న కొమ్ము. ఆ కళ్లు నిజం కళ్లు కావు, చర్మం మీది మచ్చలు. పిట్ట దగ్గరికి రాగానే పురుగు తల లోపలికి ముడుచుకుంటుంది. అలా ముడుచుకున్నప్పుడు మచ్చలు విచ్చుకుని పాము చూస్తున్నట్టు ఉంటుంది.

పశువులు మూతి పెట్టని గన్నేరు ఆకును కూడా ఈ పురుగు హాయిగా తింటుంది. కొన్నాళ్లకు ఒళ్లంతా గోధుమ రంగుకు తిరిగి, చెట్టు దిగి, ఎండాకుల్లో దూరి నిద్రపోతుంది. బయటికి వచ్చేటప్పటికి అది పురుగు కాదు. ముదురాకు పచ్చ మీద గులాబీ, తెలుపు చారలు పారిన, పాలరాయిని చెక్కినట్టుండే రెక్కల జీవి. ఇంగ్లీషులో దీన్ని ఒలియాండర్ హాక్‌మాత్ అంటారు, గన్నేరు పేరే దానికీ పెట్టారు. తెలుగులో దానికి జనం నోట నానిన పేరు లేదు. తెలుగు పెరట్లలో ఇంత అందమైన రాత్రి జీవి మరొకటి ఉందా అంటే చెప్పడం కష్టం. పేరు లేకపోవడమే దాని గురించి మొదట చెప్పుకోవలసిన సంగతి.

మాత్ అంటే సీతాకోకచిలుకకు చుట్టం, ఎక్కువగా రాత్రిపూట తిరిగేది. ఆ మాటకు తెలుగు పుస్తకాల్లో చిమ్మట అని రాస్తారు. కానీ చాలా ఊళ్లలో చిమ్మట అంటే రాత్రంతా రొద చేసే కీచురాయి. శలభం అంటే కవిత్వంలో దీపం మీద వాలేది, మరోచోట పంటను ఊడ్చేసే మిడత. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో అయితే ‘రెక్కల పురుగు’, లేదంటే ‘తల్లి పురుగు’. గుడ్లు పెట్టేది కనుక తల్లి అన్నారు. ఈ వ్యాసంలో చిమ్మట అంటే మాత్ అనే అర్థం.

అదే పిల్ల పురుగుల దగ్గరికి వస్తే రైతు దగ్గర పెద్ద నిఘంటువే ఉంది. పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, పత్తిలో గులాబీ రంగు పురుగు, వరిలో కాండం తొలుచు పురుగు, వేరుశనగలో ఎర్ర గొంగళి, ఆముదంలో దాసరి పురుగు, 2018లో కర్ణాటకలో బయటపడి ఆ తర్వాత మన మొక్కజొన్న చేలలోకీ వచ్చిన కత్తెర పురుగు. ఇవన్నీ చిమ్మటల పిల్లలే. ఏ పంటను, ఏ భాగాన్ని, ఎలా పాడు చేస్తుందో కొన్నిటి పేరులోనే ఉంది. ఇది తక్కువ జ్ఞానం కాదు. తరతరాలుగా కళ్లారా చూసి, చేలో నష్టపోయి కూడబెట్టుకున్న జ్ఞానం. కాకపోతే అది నేరాల చిట్టా రూపంలో మిగిలింది. భారతదేశంలో చిమ్మట జాతులు 10 వేలకు పైగా ఉన్నాయి. సీతాకోకచిలుకలు 1,300 పైచిలుకు మాత్రమే. ఆ 10 వేలలో రైతు పేరు పెట్టి తిట్టుకునేవి చాలా కొద్ది. మిగతావి ఏ పంట జోలికీ రాకుండా, ఏ పేరూ లేకుండా మన దొడ్ల మీదుగా పోతూనే ఉన్నాయి.

అందుకే పల్లె పెరట్లో చిమ్మటలను చూడాలనుకునేవారు దీపంతో కాక మొక్కతో మొదలుపెట్టడం మేలు. దీపం దగ్గరికి వచ్చే చిమ్మట ఎక్కడి నుంచి వచ్చిందో, ఏం తిని పెరిగిందో చెప్పదు. మొక్క చెబుతుంది. చాలా చిమ్మటలకు పిల్ల దశలో తినే ఆకులు కొన్నే ఉంటాయి. తల్లి ఆ మొక్క వాసన పట్టి వచ్చి గుడ్లు పెడుతుంది. పెరట్లో ఏ మొక్క ఉందో తెలిస్తే అక్కడ ఏ చిమ్మట ఉండే వీలుందో సగం తెలిసినట్టే.

ఒక్క ఆముదం చెట్టును తీసుకుంటే చాలు. నడుమును విల్లులా వంచి, చాచి, మళ్లీ వంచి నడిచే బూడిద రంగు పురుగు దాసరి పురుగు. పగలు కొమ్మకు అంటుకుని ఎండు పుల్లలా కదలకుండా ఉంటుంది. ఆకు అడుగున నూగుతో కప్పిన గుడ్ల ముద్ద ఉంటే అది పొగాకు లద్దె పురుగు తల్లి పని. తన ఒంటి నూగునే రాల్చి గుడ్ల మీద పరుస్తుంది. ఈ తల్లికి ఆముదం ఆకు మీద ఎంత మోజంటే, పొగాకు, మిరప, వేరుశనగ చేల గట్ల మీద రైతులు ఆముదాన్ని ఎర పంటగా వేస్తారు. గుడ్లు ఎక్కువగా దాని మీదే పడతాయి, ఆ ఆకులు తుంచి నాశనం చేస్తే చేను బతుకుతుంది. ఇదే ఆముదం ఆకు మీద ఎరి పట్టుపురుగునూ పెంచుతారు. ఒకే చెట్టు ఒకరికి పంట, ఒకరికి ఎర, ఒకరికి పట్టు.

పట్టు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. తెలుగువాళ్లు ప్రేమగా పెంచిన చిమ్మట ఏదైనా ఉంటే అది పట్టుపురుగు ఒక్కటే. మల్బరీ పట్టు చిమ్మట వేల ఏళ్ల పెంపకంలో ఎగరడమే మరిచిపోయింది. దసలి పట్టు చిమ్మట అలా కాదు. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్, మంచిర్యాల జిల్లా చెన్నూరు వైపు అడవుల్లో మద్ది చెట్ల మీద ఆరుబయటే పెరుగుతుంది. పిట్టలు ఎత్తుకుపోకుండా పెంపకందార్లు చెట్ల కింద కాపలా కాస్తారు. అరచేతి కంటే వెడల్పుగా, నాలుగు రెక్కల మీదా అద్దపు బిళ్లల్లాంటి గుండ్రటి మచ్చలతో ఉండే ఈ చిమ్మటకు పెద్దయ్యాక పనిచేసే నోరు ఉండదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దాని బతుకంతటికీ భత్యం. జత కట్టి, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో పోతుంది.

నోరున్న చిమ్మటల సంగతి వేరు. సాయంత్రం చంద్రకాంత పూలు విచ్చుకునే వేళకు ఒక అరగంట ఆ మొక్కల దగ్గర కదలకుండా కూర్చుంటే చాలు. వెలుతురు పూర్తిగా పోకముందే బూడిద రంగు చిమ్మట ఒకటి వచ్చి, పువ్వు మీద వాలకుండా గాల్లోనే ఆగి, చుట్టచుట్టిన నాలుకను విప్పి గొట్టంలోకి దింపుతుంది. పొట్ట మీద గులాబీ రంగు పట్టీలు ఉంటే అది చిలగడదుంప తీగ మీద పెరిగే చిమ్మట. దాని నాలుక దాని ఒంటి కన్నా పొడవు. పూలు తెల్లగానో లేతగానో ఉండటం, గొట్టాలు పొడవుగా ఉండటం, చీకటి పడ్డాక వాసన గుప్పుమనడం ఇలాంటి అతిథుల కోసమే. ఉమ్మెత్త, ఆకాశమల్లె, బొప్పాయి పూలన్నిటిలోనూ ఈ లక్షణాలు కనిపిస్తాయి. సాయంత్రం పెరట్లో మనం పీల్చే పరిమళంలో చాలా భాగం మనకోసం పుట్టింది కాదు. తెల్లారి పూలు కోసుకునేవాళ్లు ఎప్పుడూ చూడని రాకపోకలు అవి.

అందం, నష్టం ఒకే ఒంట్లో ఉన్న జీవి కూడా పెరట్లోనే దొరుకుతుంది. కంచె మీద తిప్పతీగ అల్లుకుని ఉంటే దాని ఆకుల మీద నల్లటి పురుగొకటి, పక్కన రెండు కంటి మచ్చలతో, ముందు భాగం వంచి తోక పైకెత్తి విచిత్రమైన భంగిమలో ఉంటుంది. దాని చిమ్మట ముందు రెక్కలు ముడిస్తే ఎండాకే, విప్పితే వెనక రెక్కలు పండు నారింజ రంగులో, నల్లటి మచ్చలతో మెరుస్తాయి. దాని నాలుక కొన గట్టిగా, ముళ్లతో ఉంటుంది. మెత్తటి నాలుకతో తేనె తాగే చిమ్మటల్లా కాదు, బత్తాయి తొక్కను పొడిచి రసం పీలుస్తుంది. పొడిచిన చోట కుళ్లు మొదలై కాయ రాలిపోతుంది. నల్గొండ, అనంతపురం బత్తాయి రైతులకు ‘రసం పీల్చే రెక్కల పురుగు’ అంటే ఇదే. తోట చుట్టూ తిప్పతీగను పీకేయమని శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. బత్తాయి తోట పక్కన ఉన్నవారు ఆ మాట వినాల్సిందే. తోటలేవీ దగ్గర్లో లేని పెరట్లో మాత్రం ఆ తీగను ఉంచుకుంటే తప్పు లేదు. మొక్కను, పురుగును విడిగా మంచీ చెడూ అనలేం. ఏ పక్కన ఏముందో చూసి తేల్చుకోవాలి.

ఇక దీపం. చిమ్మట దీపం దగ్గరికి ఎందుకు వస్తుంది? కవులు మోహం అన్నారు. చంద్రుణ్ని చూసి దారి పట్టుకునే జీవి బల్బును చంద్రుడనుకుంటుందని చాలాకాలం పుస్తకాలు రాశాయి. 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో శామ్యూల్ ఫేబియన్, యశ్ సోంధి, వారి సహచరులు ప్రచురించిన అధ్యయనం వేరే జవాబు ఇచ్చింది. దీపం చుట్టూ ఎగిరే పురుగులను అతివేగపు కెమెరాలతో తీస్తే, అవి దీపం వైపు దూసుకుపోవడం లేదు, దీపానికి వీపు తిప్పుతున్నాయి. కోట్ల ఏళ్లుగా రాత్రిపూట కాస్తో కూస్తో వెలుతురు ఉండేది పైన ఆకాశంలోనే. వెలుతురు వైపు వీపు పెడితే పైకేదో కిందికేదో తెలిసిపోతుంది, ఎగరడం నేరుగా సాగుతుంది. పక్కన బల్బు వెలిగితే ఈ లెక్క తప్పుతుంది. వీపు బల్బు వైపు వాలుతుంది, దారి వంగుతుంది, వంగి వంగి దాని చుట్టే తిరుగుతుంది. దీపం నేల మీద పైకి చూస్తూ ఉంటే పురుగు తలకిందులై పడిపోతుంది. అది మోహం కాదు, ఇరుక్కుపోవడం.

ఆ అధ్యయనంలోనే ఒక వింత ఉంది. పరీక్షించిన జీవుల్లో దీపానికి ఇలా లోబడని వాటిలో ఒకటి మన గన్నేరు చిమ్మట. దీపం మీదుగా మామూలుగానే ఎగిరిపోయింది. పెరట్లో దాని పురుగులు ఉన్నా వరండా బల్బు దగ్గర అది కనిపించకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. మొక్కతో మొదలుపెట్టమనడానికి ఇదీ ఒక కారణం.

ఇరుక్కుపోతాయని తెలిశాక దీపం పెట్టి చూడటం న్యాయమేనా అంటే, కొద్దిసేపు అయితే న్యాయమే. తొలకరి నుంచి అక్టోబరు దాకా, గాలి లేని, ఉక్కగా ఉన్న అమావాస్య రాత్రులు మంచివి. రెండు కర్రల మధ్య తెల్ల పంచెనో దుప్పటినో కట్టి, ముందు ఒక బల్బు వెలిగించాలి. నీలి కాంతి, కంటికి కనిపించని అతినీల లోహిత కాంతి ఎక్కువగా ఉన్న దీపానికి ఎక్కువ వస్తాయి, పసుపు బల్బుకు తక్కువ. గంటో రెండు గంటలో చూసి, ఫోన్లో ఫొటోలు తీసుకుని దీపం ఆర్పేయాలి. తెల్లవార్లూ వెలిగిస్తే గోడకు అంటుకున్న చిమ్మటలన్నీ పొద్దున్నే పసుల పోలిగాడికీ గోరింకలకూ పళ్లెంలో పెట్టిన టిఫిన్ అవుతాయి. దీపానికి రాని వాటికి వేరే దారి ఉంది. బెల్లం, మగ్గిన అరటిపండు కాస్త కల్లులో కలిపి పులియబెట్టి, చీకటి పడే వేళ చెట్టు మొదలుకు పూస్తే, రెక్కల మీద గుడ్లగూబ కళ్లంత మచ్చలున్న పెద్ద గోధుమ చిమ్మటలు దాని మీద వాలతాయి. వర్షాకాలంలో ఒక్కోసారి ఇళ్లలోకీ వచ్చి దూలానికి అంటుకునేవి ఇవే. చాలామంది గబ్బిలం అనుకుని టెన్షన్ పడతారు. చిమ్మట కరవదు. రాత్రి పెరట్లో తిరిగేవారు భయపడాల్సింది కాలి కింద ఉండే పాముకు. టార్చి, బూట్లు లేకుండా దిగకూడదు. పురుగుల్లో మాత్రం వెంట్రుకలున్న గొంగళ్లను ముట్టుకోకపోవడం మంచిది, దద్దుర్లు వస్తాయి.

తీసిన ఫొటోను ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. 10 వేల జాతుల్లో ఒకదాన్ని ఇంటి దగ్గర కూర్చుని గుర్తుపట్టడం నిపుణులకే కష్టం. నీలగిరుల్లో తేయాకు తోటల్లో పనిచేసిన జార్జ్ హాంప్సన్ 1892 నుంచి 1896 మధ్య భారతదేశపు చిమ్మటల మీద రాసిన నాలుగు సంపుటాలు ఇప్పటికీ తిరగేస్తుంటారు. ఇప్పుడు మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్, ఎవరైనా ఫొటో పెట్టి జీవుల పేరు అడగగలిగే ఐనాచురలిస్ట్ ఉన్నాయి. అమెరికాలో 2012లో మొదలైన జాతీయ చిమ్మటల వారోత్సవం ఏటా జులై చివరి వారంలో వస్తుంది, మన దగ్గరా ఆ రోజుల్లో చాలామంది తెల్ల దుప్పట్లు కడుతున్నారు. మనకు తొలకరి తర్వాతి రోజులే కనుక తేదీ బాగా కలిసి వచ్చింది. అయితే పెరటి యజమాని ఫొటోకు జోడించగలిగింది నిపుణుడి దగ్గర లేనిది ఒకటుంది. ఏ మొక్క మీద, ఏ నెలలో, ఏ వాన తర్వాత కనిపించిందో ఆ చిన్న నోటు.

వాన ఎంత ముఖ్యమో ఎర్ర గొంగళిని చూస్తే తెలుస్తుంది. అనంతపురం వేరుశనగ నేలల్లో దాని కోశాలు, అంటే పురుగు చిమ్మటగా మారే గూళ్లు, ఎండాకాలమంతా మట్టిలో పడుకుంటాయి. తొలకరి గట్టిగా పడిన కొద్ది రోజులకే తెల్ల రెక్కల చిమ్మటలు ఒక్కసారిగా నేల చీల్చుకుని గుంపులుగా లేస్తాయి. రైతులు చేల గట్ల మీద మంటలు వేసి వాటిని రప్పించేది ఆ రాత్రులే. ఇదే వేళకు చాతక పక్షి కూడా కూయడం మొదలుపెడుతుంది. మిగతా పిట్టలు నోట పెట్టని వెంట్రుకల గొంగళ్లు కోకిల జాతి పిట్టలకు ఇష్టమైన తిండి. చాతకం వాన చుక్కల కోసం చూస్తుందని చెప్పుకున్నాం కానీ, వానతో పాటు వచ్చే గొంగళి కోసమూ చూస్తుంది.

పెరట్లోని మిగతా ప్రాణుల గురించి విడిగా చెప్పక్కర్లేదు, చిమ్మటను పట్టుకుని పోతే అన్నీ వస్తాయి. గింజలు తినే పిచ్చుక సైతం గూట్లో పిల్లలకు పెట్టేది మెత్తటి పురుగులనే. పెంకుటింటి చూరులో ఉండే చిన్న గబ్బిలాలు సాయంత్రం బయటికి వచ్చి గాల్లోనే చిమ్మటలను పడతాయి. చాలా చిమ్మటలకు గబ్బిలం కూత వినపడే చెవులున్నాయి. మన చెవికి అందని ఆ కూత దగ్గరవగానే రెక్కలు ముడిచి రాయిలా కింద పడతాయి. ఒక్కోసారి పురుగు వీపు మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్లు వరసగా కనిపిస్తాయి. అవి దాని గుడ్లు కావు, లోపలి నుంచి దాన్ని తిని బయటికొచ్చిన బుల్లి కందిరీగల గూళ్లు. ఆ పురుగును చూసి మందు కొట్టడం అనవసరం, దాని పని అప్పటికే అయిపోయింది. ఇంకా చిన్నవైన ట్రైకోగ్రామా కందిరీగలు చిమ్మట గుడ్డులోపలే గుడ్డు పెడతాయి. వరి, చెరకు రైతులు ట్రైకో కార్డులుగా చేలో కట్టేది వీటినే. మందు కొడితే ముందు పోయేది ఈ కందిరీగలే, పురుగు తర్వాత తిరిగి వస్తుంది. పెరట్లో పది ఆకులు చిల్లులు పడితే అది జబ్బు కాదు. మునగ మొదలు మీద గొంగళ్లు గుంపుగా చేరినప్పుడు పిల్లలకు దురదలు రాకుండా వాటిని తీసేయడం వేరు, ఆకు చిల్లు పడిందని చెట్టంతా మందుతో తడపడం వేరు.

వీధి దీపాల విషయం మాత్రం పెరటి యజమాని ఒక్కరి చేతిలో లేదు. గత పదేళ్లలో ఊళ్లలో పసుపు దీపాలు పోయి తెల్లటి ఎల్ఈడీలు వచ్చాయి. కరెంటు ఆదా అయింది, ఆడవాళ్లు చీకట్లో నడిచే భయం తగ్గింది. ఆ లాభాన్ని కాదనలేం. కానీ ఇంగ్లండులో 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో దీపాలున్న రోడ్ల పక్క పొదల్లో, చీకటిగా ఉన్న చోటుతో పోలిస్తే, చిమ్మట పురుగులు 47 శాతం తక్కువగా ఉన్నాయి. తెల్ల ఎల్ఈడీల కింద పరిస్థితి పాత పసుపు దీపాల కన్నా ఘోరం. తెలుగు పల్లెల్లో అలాంటి లెక్క ఎవరైనా కడితే బాగుండును. ఈలోపు దొడ్డి వైపు రాత్రంతా వెలిగే బల్బును ఆపడం, వీధి దీపానికి కిందికి మాత్రమే వెలుగు పడేలా మూత పెట్టమని పంచాయతీని అడగడం ఎవరికైనా సాధ్యమే.

చిమ్మటలకు దీపం కన్నా పెద్ద గండం బహుశా చీపురు. పొద్దున్నే పెరడంతా ఊడ్చి, ఎండాకులు మూలకు కుప్ప చేసి అగ్గిపుల్ల గీయడం శుభ్రతగా చెలామణీ అవుతోంది. ఆ ఆకుల్లోనే గన్నేరు పురుగు నిద్రపోయేది. గచ్చు మీదివి ఊడ్చినా, నందివర్ధనం, గన్నేరు, జామ మొదళ్లలో రాలిన ఆకులను అక్కడే వదిలేస్తే సరిపోతుంది. నేలకూ ఎరువు.

అలా వదిలేసిన ఆకుల కింద ఒక సాయంత్రం గోధుమ రంగు కోశం చిట్లుతుంది. తడిసి ముద్దైన రెక్కలతో బయటికొచ్చిన చిమ్మట దగ్గర్లోని కాండం ఎక్కి వేలాడుతుంది. ఒంట్లోని ద్రవాన్ని రెక్కల ఈనెల్లోకి నెట్టేకొద్దీ అవి సాగి, ఆరి, పచ్చ గులాబీ చారలు విచ్చుకుంటాయి. పూర్తిగా చీకటి పడ్డాక రెక్కలు వణికించి ఒళ్లు వేడి చేసుకుని లేస్తుంది. జత కట్టిన తర్వాతి రాత్రుల్లో మళ్లీ నందివర్ధనం దగ్గరికే వచ్చి, లేత ఆకు మీద ఒక్కొక్కటిగా, ఆవగింజంత లేతాకుపచ్చ గుడ్లు పెట్టి పోతుంది.